ఫిర్యాదు ఎవరి చేతికి? – ఉదయగిరి, ఆత్మకూరు సీమలో అధికారుల జవాబుదారీ

ఆత్మకూరు కచేరీలో గాని, ఉదయగిరి కచేరీలో గాని ఒక రైతు తన గోడు చెప్పుకొనేటప్పుడు వాడే మాటలను వరుసగా వ్రాసికొని చూచినట్లయితే ఒక విశేషం కనిపిస్తుంది. అర్జీ, ఫిర్యాదు, జమ, వసూలు, బాకీ, కిస్తు, రశీదు, హాజరు, తనిఖీ, అజమాయిషీ, జవాబుదారీ – ఇవన్నీ అరబీ, ఫార్సీ భాషల నుండి వచ్చి తెలుగు నుడికారంలో కలిసిపోయినవే. ఇవి పరాయి మాటలని ఏ రైతుకూ తోచదు. వీటిలో అన్నిటికంటె ముఖ్యమైనది 'జులుం'. అధికారి దౌర్జన్యం చేస్తే తెలుగువాడు అతడు జులుం చేస్తున్నాడంటాడు. ఇస్లామీ రాజ్యాలలో అధికారులపై వచ్చిన ఫిర్యాదులను వినడానికి ఏర్పడిన ప్రత్యేక న్యాయపీఠానికి 'దీవానుల్ మజాలిం' అని పేరు. మజాలిం అన్నా, జులుం అన్నా ఒకే ధాతువు నుండి పుట్టినవి.

జులుం అనే మాట నెల్లూరు పడమటి సీమదాకా వచ్చినది. కాని ఆ జులుంను విచారించే పీఠం వెంట వచ్చినదా? ఈ వ్యాసంలో పరిశీలింపదలచినది ఇదే. సమాధానం మనకు అంత సంతోషం కలిగించేది కాదని ముందుగానే చెప్పవలసి ఉన్నది. మన పూర్వులు ఈ సీమను పాలించినారన్న అభిమానం చరిత్ర చదివేటప్పుడు కళ్ళకు గంతలు కట్టరాదు.

కూఫా మసీదులలో విచారణ

దైవప్రవక్త (సల్లం) కాలంలోనే అధికారి లెక్క చెప్పవలసినవాడన్న సూత్రం స్థిరపడినది. బనూ సులైం తెగ నుండి జకాత్ వసూలు చేయడానికి పంపబడిన ఇబ్నుల్ లుత్బియ్యా తిరిగివచ్చి, వసూలైన దానిలో కొంత సర్కారుదనీ, మరికొంత తనకు కానుకగా లభించినదనీ వేరుచేసి చూపిన సంగతి హదీసు గ్రంథాలలో ప్రసిద్ధమైనదే. అతడు తన తల్లిదండ్రుల ఇంట కూర్చుని ఉంటే ఆ కానుకలు అతణ్ణి వెతుక్కుంటూ వచ్చేవా అని దైవప్రవక్త (సల్లం) మింబరుపై నుండి అందరి ఎదుట ప్రశ్నించినారు. ఇమామ్ బుఖారీ తన సంకలనంలో పాలకుడు తన ఉద్యోగుల లెక్క తీసికొనడం అన్న విషయానికి ప్రత్యేకంగా ఒక శీర్షికనే కేటాయించినారు. ఉద్యోగి పుచ్చుకొన్న కానుక లంచం అవునా కాదా అని నేటికీ తర్జనభర్జనలు పడుతున్న వారికి అక్కడ తేలికైన కొలబద్ద దొరుకుతుంది. ఆ కుర్చీ లేకపోతే ఆ కానుక వచ్చేదా? అంతే.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఈ సూత్రం ఒక పద్ధతిగా రూపొందినది. గవర్నరుగా వెళ్ళేవాని ఆస్తిని ముందుగా వ్రాయించి ఉంచేవారు. హజ్జ్ సమయంలో గవర్నర్లను పిలిపించి, వారి వారి ప్రాంతాల ప్రజలు ఫిర్యాదు చేయదలిస్తే అక్కడే చేయవచ్చునని ప్రకటించేవారు. ఫిర్యాదులు వస్తే వెళ్ళి విచారించడానికి ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) వంటి విశ్వాసపాత్రులను పంపేవారు.

వీటన్నిటిలో కూఫా ఉదంతం నిదానంగా పరిశీలింపదగినది. కూఫా గవర్నరు హజ్రత్ సఅద్ బిన్ అబీ వక్కాస్ (రజి) సామాన్యుడు కాడు. ఖాదిసియ్యా విజేత, స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరు. అటువంటి వ్యక్తిపై కూఫా వారిలో కొందరు ఫిర్యాదు చేసినారు. ఆఖరుకు ఆయనకు నమాజు చేయించడం కూడా సరిగా రాదన్నంత దూరం వెళ్ళినారు. ఇది నమ్మదగిన ఆరోపణ కాదని ఉమర్ (రజి) గారికి తెలియకపోదు. అయినా ఆయన సఅద్ (రజి)ను పదవి నుండి తప్పించి, ఆ పిమ్మట మనుషులను కూఫా పంపినారు. వారు గవర్నరు భవనంలో కూర్చుని సాక్షులను పిలిపించలేదు. మసీదు మసీదుకూ వెళ్ళి అక్కడి వారిని అడిగినారు. ప్రతి మసీదులోనూ జనం సఅద్ (రజి) గురించి మంచే చెప్పినారు. బనూ అబ్స్ వారి మసీదులో మాత్రం ఒక వ్యక్తి లేచి, ఆయన పంపకంలో సమానత పాటించరనీ, తీర్పులో న్యాయం చేయరనీ అన్నాడు. ఆ ఒక్కని మాట కూడా చరిత్రలో నిలిచినది. చివరికి ఉమర్ (రజి) తన మరణశయ్యపై, సఅద్‌ను తాను అసమర్థత వలన గాని, నమ్మకద్రోహం వలన గాని తొలగించలేదని స్పష్టం చేసినారు.

దీనిలో గమనింపదగిన అంశం ఫిర్యాదు నిజమా, అబద్ధమా అన్నది కాదు. విచారణ జరిగిన తీరు. అధికారి పదవిలో లేని సమయంలో, ఫిర్యాదుదారుల వాడలోనే, వారికి భయంలేని చోట అది జరిగినది. నిర్దోషి అయిన అధికారికి కూడా ఇంతకంటె మేలైన రక్షణ లేదు. కచేరీలో కూర్చుని వ్రాయించుకొన్న నిర్దోషిత్వాన్ని ఎవరు నమ్ముతారు?

అబ్బాసీ కాలం నాటికి ఇది శాస్త్రమైనది. ఖలీఫా హారూన్ రషీద్ కోరికపై ఇమామ్ అబూ యూసుఫ్ (మరణం 798) వ్రాసిన 'కితాబుల్ ఖరాజ్' శిస్తుల గ్రంథమే అయినా, దానిలో సగం బాధ శిస్తు ఎంత అన్నదాని గురించి కాక, శిస్తు వసూలు చేసేవాని గురించి. శిస్తును గుత్తకు ఇవ్వడాన్ని ఆయన గట్టిగా నిరసించినారు. గుత్తదారుడు తాను కట్టిన దానికి మించి రాబట్టుకొనడానికి రైతును పిండక మానడని ఆయన వాదం. శిస్తు కోసం రైతులను కొట్టడం, ఎండలో నిలబెట్టడం, మెడకు కుండలు వ్రేలాడదీయడం వంటివాటిని పేరుపేరునా నిషేధించవలసినదిగా కోరినారు. నమ్మకస్తులైన వారిని పంపి ఉద్యోగుల నడవడిని విచారింపజేయాలన్నారు. ఖలీఫా స్వయంగా నెలకో, రెండు నెలలకో ఒకసారి మజాలిం సభలో కూర్చుంటే చాలు, ఆ వార్త పట్టణాలన్నిటికీ ప్రాకి దుర్మార్గుడైన ఉద్యోగి వెనుకాడుతాడని సలహా ఇచ్చినారు. రాజ్యంలో వార్తలు వ్రాసి పంపేవారు ఒక్కొక్కప్పుడు గవర్నర్లతోనే కుమ్మక్కవుతారన్న సంగతి కూడా ఆయన దృష్టిని తప్పించుకొనలేదు. 1058లో మరణించిన మావర్దీ మరొక అడుగు ముందుకు వేసినారు. అధికారుల దౌర్జన్యం, శిస్తు వసూలులో అతిక్రమణ వంటి విషయాలలో మజాలిం అధిపతి ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా తానుగా విచారణ చేపట్టవచ్చునని ఆయన సిద్ధాంతం. భయపడినవాడు ఫిర్యాదు చేయడన్న సత్యాన్ని గుర్తించిన మాట ఇది.

గుత్త, జాగీరు

ఇక మన సీమకు వద్దాం. ఉదయగిరి కొండ మూడు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. గజపతుల నుండి 1514లో శ్రీకృష్ణదేవరాయలు చాలాకాలం ముట్టడించి తీసికొన్న దుర్గమిది. తరువాత గోలకొండ వారి వశమైనది. కుతుబ్ షాహీలు తెలుగును ఆదరించినారు, మసీదులు కట్టించినారు, చెరువులు త్రవ్వించినారు. ఇది నిజమే. కాని వారి తీర ప్రాంతాలలో శిస్తు వసూలు ఏడాదికొకసారి పాడుకొనేవారికి గుత్తకు ఇవ్వబడేదని 17వ శతాబ్దారంభంలో మచిలీపట్నంలో ఉన్న ఆంగ్ల వర్తకుడు మెథ్వోల్డ్ వ్రాసినాడు. అబూ యూసుఫ్ గ్రంథం అప్పటికి ఎనిమిది వందల సంవత్సరాల నాటిది. ఆ గ్రంథాన్ని ఎరిగిన ఉలమా గోలకొండలో ఉండకపోరు. ఉన్నా, దీవానులో దాని మాట చెల్లలేదు.

ఆర్కాటు నవాబుల కాలంలో పరిస్థితి మరింత దిగజారినది. నవాబు ముహమ్మద్ అలీ వాలాజా తమ్ముడు నజీబుల్లా నెల్లూరు పాలకుడు. 1757లో అతడు అన్నకు కట్టవలసిన సొమ్ము కట్టక ఎదురు తిరిగినాడు. నవాబు తరఫున కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలో వచ్చిన కంపెనీ సేన నెల్లూరు కోటను పట్టలేక వెనుదిరిగినది. ఇక్కడ అన్నదమ్ముల మధ్య వచ్చిన ప్రశ్న ఒక్కటే: సొమ్ము చెల్లినదా, లేదా? ఆత్మకూరు రైతు దగ్గర ఆ సొమ్ము ఎట్లా వచ్చినదని అడిగినవారు లేరు. నవాబు అప్పులు పెరిగేకొద్దీ, మద్రాసులోని కంపెనీ ఉద్యోగులే స్వంతంగా ఆయనకు వడ్డీకి అప్పులిచ్చి, తీరుబడిగా జిల్లాల శిస్తును వ్రాయించుకొన్నారు. అనగా నవాబును తనిఖీ చేయవలసినవాడే నవాబుకు ఋణదాత. ఈ భాగోతం 1785 ఫిబ్రవరిలో బ్రిటిషు పార్లమెంటులో ఎడ్మండ్ బర్క్ చేసిన సుదీర్ఘ ప్రసంగానికి విషయమైనది. ఆ ప్రసంగం చరిత్రలో నిలిచినది గాని, అప్పులు మాత్రం కర్ణాటక శిస్తు నుండే తీరినవి. 1801 జూలై 31వ తేదీ ఒడంబడికతో నవాబు అజీముద్దౌలా రాజ్యాధికారాన్ని కంపెనీకి అప్పగించగా నెల్లూరు కంపెనీ జిల్లా అయినది.

ఉదయగిరి మాత్రం జాగీరుగా మిగిలినది. ముస్తఫా అలీ ఖాన్ వంశీయుల చేతిలో అది 1839 వరకు ఉన్నది. ఆ సంవత్సరం నెల్లూరు మేజిస్ట్రేటు స్టోన్‌హౌస్, కంపెనీపై తిరుగుబాటుకు కుట్ర జరుగుతున్నదని సమాచారం సేకరించి మద్రాసుకు తెలియజేసినాడు. ఆ తీగ హైదరాబాదులో నిజాం సోదరుడు ముబారిజుద్దౌలా వరకు, కర్నూలులో నవాబు గులాం రసూల్ ఖాన్ వరకు సాగినది. ముబారిజుద్దౌలా గోలకొండ కోటలో బందీ అయి 1854లో అక్కడే మరణించినాడు. కర్నూలు నవాబును తిరుచిరాపల్లికి తరలించగా 1840లో అక్కడ హత్యకు గురైనాడు. ఉదయగిరి జాగీరును ప్రభుత్వం స్వాధీనం చేసికొని, జాగీర్దారును చెంగల్పట్టుకు పంపివేసినది. ఆ ఉద్యమాన్ని స్వాతంత్ర్య పోరాటంగా చూడవలెనా, కుట్రగా చూడవలెనా అన్న చర్చ వేరు; అది మరొక వ్యాసానికి తగినది. మన విషయానికి కావలసినది ఒక్కటి. జాగీరు పోయినది జాగీర్దారు తన రైతులను ఎట్లా పాలించినాడన్న ప్రశ్నపై కాదు. ప్రభుత్వానికి విధేయుడా కాడా అన్న ప్రశ్నపై.

ఆర్కాటు నవాబు అడిగినది సొమ్ము. కంపెనీ అడిగినది సొమ్ము, విధేయత. మూడవ ప్రశ్న, అనగా పాలితుడు ఏమంటున్నాడన్నది, అప్పటికి వేయి సంవత్సరాలుగా కితాబులలోనే ఉండిపోయినది.

తహసీలుదారు

కంపెనీ పాలన మొదట్లో న్యాయవిచారణను శిస్తు వసూలు నుండి వేరుచేసినది. 1802 నాటి నిబంధనలు జిల్లాకు ఒక జడ్జీని ఏర్పరచినవి. కాని 1816లో మన్రో సంస్కరణలతో మేజిస్ట్రేటు అధికారం తిరిగి కలెక్టరుకు చేరినది. అదే సంవత్సరం 11వ రెగ్యులేషన్ పోలీసు బాధ్యతను తహసీలుదారుకు అప్పగించినది. శిస్తు వసూలు చేసేవాడే పోలీసు అధిపతి అయినాడు.

దీని అర్థం ఏమిటో ఆత్మకూరు వంటి చోటును దృష్టిలో ఉంచుకొని చూడవలెను. నెల్లూరు నుండి ఆత్మకూరు సుమారు 55 కిలోమీటర్లు, ఉదయగిరి సుమారు 100 కిలోమీటర్లు. ఎండాకాలం ఎడ్లబండి ప్రయాణానికి ఎన్ని దినాలు పట్టేదో పాఠకులే ఊహించుకోవచ్చును. రైత్వారీ పద్ధతి స్థిరపడినాక ఏటా జమాబందీ జరిగేది. పంట పండనప్పుడు ఇవ్వవలసిన వజా, అనగా శిస్తు తగ్గింపు, కరణం వ్రాసిన లెక్కపైనా, తహసీలుదారు అజమాయిషీపైనా ఆధారపడేది. కలెక్టరు ఏడాదికి ఒక్కసారి డేరా వేసికొని వచ్చినా ఆయన చదివేది వారు వ్రాసిన కాగితాలే. మెట్ట పొలాలు, చెరువు క్రింది సాగు గల ఈ సీమలో వాన తప్పిన ఏడు వజా దక్కడమో, దక్కకపోవడమో రైతు బ్రతుకును నిర్ణయించేది.

ప్రక్కనున్న గుంటూరులో ఈ పద్ధతి ఎంతవరకు కుళ్ళగలదో బయటపడినది. 1833 నాటి కరవు (దానినే డొక్కల కరవు అని జనం చెప్పుకొన్నారు) తరువాత ఆ జిల్లా శిస్తు చాలాకాలం కోలుకోలేదు. 1845లో విచారణకు వచ్చిన సర్ వాల్టర్ ఎలియట్, హుజూరు కచేరీ శిరస్తదారు మొదలు గ్రామ కరణం వరకు బంధుత్వాలతో, పరస్పర ప్రయోజనాలతో అల్లుకొన్న ఒక వ్యవస్థ కలెక్టరు కళ్ళ ముందే నడుస్తున్నదని తేల్చినాడు. కలెక్టర్లు మారినారు, కచేరీ మారలేదు. ఈ జిల్లా చరిత్ర వ్రాసిన అమెరికన్ పరిశోధకుడు రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ దీనిని చెదపురుగులతో పోల్చినాడు. పైకి దూలం దూలంగానే కనిపిస్తుంది. చివరకు 1859లో గుంటూరు కలెక్టరేటునే రద్దు చేసినారు.

1855 నివేదిక

మద్రాసు నగరంలో గాజుల లక్ష్మీనరసు చెట్టి అనే తెలుగు వర్తకుడుండేవాడు. 1844లో ఒక ఆంగ్ల పత్రిక స్థాపించి దానికి 'క్రెసెంట్' అని పేరు పెట్టినాడు. నెలవంక అన్నమాట. హిందువు నడిపిన పత్రికకు ఈ పేరెందుకు వచ్చినదో గాని, మన పాఠకులకు ఆసక్తి కలిగించే విషయమే. 1852లో ఆయన స్థాపించిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ బ్రిటిషు పార్లమెంటుకు ఒక మహజరు పంపినది. మహజరు కూడా మనం పైన చెప్పుకొన్న కోవలోని మాటే. శిస్తు వసూలులో రైతులను చిత్రహింసలు పెడుతున్నారని దానిలో ఆరోపించినారు. లండనులో చాలామంది దీనిని నమ్మలేదు. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ స్వయంగా మద్రాసు రాగా, లక్ష్మీనరసు చెట్టి వెంట ఉండి ఆయనకు పల్లెలు చూపించినాడు. 1854 జూలైలో పార్లమెంటులో ఈ విషయం చర్చకు రాగా, మద్రాసు ప్రభుత్వం ముగ్గురు సభ్యుల సంఘాన్ని నియమించక తప్పలేదు. వారు ఇ. ఎఫ్. ఎలియట్ (గుంటూరు విచారణ చేసిన ఎలియట్ వేరు), గుంటూరు కలెక్టరుగా పనిచేసిన స్టోక్స్, న్యాయవాది నార్టన్. నార్టన్ అంతకుముందే, 1853లో, దక్షిణదేశంలో న్యాయపాలన ఎంత అధ్వాన్నంగా ఉన్నదో పుస్తకం వ్రాసి కంపెనీ వారికి కంటిలో నలుసైనవాడు.

సంఘం మద్రాసులో కూర్చున్నది. ఫిర్యాదు ఉన్నవారు రావచ్చునని రాజధాని జిల్లాలన్నిటా ప్రకటించినారు. వచ్చిన ఫిర్యాదులు 1,959. అందులో 519 మంది స్వయంగా వచ్చి చెప్పుకొన్నవారు. మిగిలినవి వ్రాతమూలకంగా వచ్చినవి. కొందరు వందల మైళ్ళు నడిచి వచ్చినారు. రైలులేని కాలం. వెళ్ళినవాడు తిరిగివచ్చి అదే తహసీలుదారు క్రింద బ్రతకవలెను. ఈ రెండూ కలిపి చూస్తే 519 చిన్న సంఖ్య కాదు.

1855 ఏప్రిల్‌లో వెలువడిన నివేదికలోని హింసల జాబితా చదవడం కష్టం. వ్రేళ్ళను కర్రల మధ్య బిగించే 'కిట్టి', తలను వంచి కాలి బొటనవ్రేలికి త్రాటితో కట్టివేసే 'అనుందాల్', వీపున రాళ్ళెత్తడం, మీసాలు పట్టి లాగడం, మండుటెండలో నిలబెట్టడం. చాలాచోట్ల రాబట్టవలసిన బాకీ స్వల్పమైన మొత్తమే.

మండుటెండలో నిలబెట్టడం! సహీహ్ ముస్లింలోని ఒక ఉదంతం ఇక్కడ గుర్తుకు రాక మానదు. హజ్రత్ హిషాం బిన్ హకీం (రజి) సిరియా ప్రాంతంలో వెళ్తూ, శిస్తు కట్టలేదని కొందరు రైతులను ఎండలో నిలబెట్టి ఉండగా చూచినారు. వారు ముస్లిములు కారు. ఇహలోకంలో ప్రజలను హింసించేవారిని అల్లాహ్ హింసిస్తాడని దైవప్రవక్త (సల్లం) చెప్పగా తాను విన్నానని ఆయన వెంటనే అక్కడి అధికారికి తెలియజేసినారు. అధికారి ఉమైర్ బిన్ సఅద్ వెంటనే వారిని విడిపించినాడు. పన్నెండు వందల ఏళ్ళ తరువాత మద్రాసు రాజధానిలో అదే శిక్ష, అదే కారణం. నిలబెట్టినవాడు కంపెనీ కొలువులోని దేశీయుడు. అతనిలో హిందువూ ఉన్నాడు, ముస్లిమూ ఉన్నాడు.

అయితే ఆ నివేదికలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది హింసల జాబితా కాదు. పరిహారం ఎందుకు దొరకలేదన్న భాగం. హింస పడిన రైతు ఏమి చేయగలడు? తహసీలుదారుకు చెప్పుకొనడం వృథా, అతడే ముద్దాయి. కలెక్టరుకు అర్జీ పెట్టుకోవచ్చును. కాని దూరం, ఖర్చు, పొలంపని పోవడం. ఇవన్నీ దాటి అర్జీ పెట్టినా, కలెక్టరు కచేరీ ఆ అర్జీని విచారించి నివేదిక పంపవలసినదని తిరిగి తహసీలుదారుకే పంపే ఆచారం ఉండేది. కూఫా విచారణకు ఇది సరిగ్గా తలక్రిందులైన రూపం. అక్కడ ఆరోపణ వచ్చినవానిని ప్రక్కకు తప్పించి ఫిర్యాదుదారుల మసీదులకు వెళ్ళినారు. ఇక్కడ ఫిర్యాదును ఆరోపణ వచ్చినవాని బల్లమీదికి పంపినారు.

ఈ హింసకు యూరోపియన్ అధికారుల ఆమోదం లేదని, ప్రజలు తమను దేశీయ ఉద్యోగుల బారినుండి కాపాడమనే కోరినారని సంఘం నిర్ధారించినది. కార్ల్ మార్క్స్ 1857 సెప్టెంబరులో న్యూయార్కు పత్రికలో వ్రాస్తూ, ఈ నివేదికనే ఆధారం చేసికొని, తెల్ల అధికారులకు బాధ్యత లేదన్న మాటను త్రోసిపుచ్చినాడు. నా అభిప్రాయంలో ఈ విషయంలో మార్క్స్ వాదనే బలమైనది. సొమ్ము మాత్రమే అడిగి, అది ఎట్లా వచ్చినదని అడగనివాడు చేతులు కడుగుకొనజాలడు. కాని దేశీయ ఉద్యోగి పాపం కూడా అంతమాత్రాన తగ్గదు. నజీబుల్లా కాలంలో తెల్లదొర పెత్తనం లేదు. అడగవలసిన ప్రశ్న అప్పుడూ అడగలేదు.

నివేదిక ఫలితం ఒకటి మాత్రం గట్టిది. 1859 నాటి 24వ చట్టంతో మద్రాసు రాజధానిలో పోలీసు శాఖ తహసీలుదారు నుండి విడిపోయి వేరే దళమైనది. తహసీలుదారు చేతిలో మేజిస్ట్రేటు అధికారం చాలాకాలం మిగిలే ఉన్నది. న్యాయవిచారణను కార్యనిర్వహణ నుండి వేరుచేయాలని రాజ్యాంగం 50వ అధికరణంలో ఆదేశించినా, దేశమంతటా ఆ విభజన చట్టరూపం దాల్చినది 1974 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తోనే. ఎండలో నిలబెట్టినవానిని విచారించే పీఠం వేరుగా ఉండవలెనని తేలడానికి 1816 నుండి లెక్కిస్తే నూట యాభై ఎనిమిదేళ్ళు పట్టినవి.

తరువాతి కథ పాఠకులు ఎరిగినదే కనుక వేగంగా చెప్పవచ్చును. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో లోకాయుక్త చట్టం వచ్చినది. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయినవి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చి కచేరీ గ్రామానికి దగ్గరైనది. దూరం తగ్గినది. కాని అర్జీ ఎవరిపైన వచ్చినదో వారి బల్లకే నివేదిక కోసం చేరుతున్నదన్న మాట నేటికీ వినబడుతూనే ఉన్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టంలో కూడా మొదటి అప్పీలు అదే కార్యాలయంలోని పై అధికారికే చేసికోవలెను. రెండవ అప్పీలు మాత్రమే బయటి కమిషనుకు.

కూఫా పద్ధతికి దగ్గరగా వచ్చిన ప్రయోగం ఒకటి మన రాష్ట్రంలోనే జరిగినది. ఉపాధి హామీ పనులపై 2006 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జరిపించిన ప్రజా విచారణ అది. శిక్షణ పొందిన గ్రామీణ యువకులు మస్టరు కాగితాలు పట్టుకొని ఇంటింటికీ వెళ్ళి, నీ పేర ఇన్ని దినాల కూలి వ్రాసినారు, నీకు ముట్టినదా అని అడిగినారు. ఆపైన మండల కేంద్రంలో అధికారులను, కూలీలను ఎదురెదురుగా కూర్చుండబెట్టి అందరి ముందు చదివినారు. ముట్టలేదని చెప్పిన వితంతువులు, తాము ఎన్నడూ చూడని పనికి హాజరు పడిన వృద్ధులు ఆ సభలలో లేచి మాట్లాడినారు. తేలిన సొమ్ములో చాలా భాగం తిరిగి వసూలు కాలేదన్నది దీనిలోని పెద్ద లోటు. దీనికి ప్రభుత్వం పెట్టిన తెలుగు పేరు 'సామాజిక తనిఖీ'. ఆ తనిఖీ అన్న మాట ఏ దారిన వచ్చినదో మొదటనే చూచినాము.

ఇతరుల కచేరీ గురించి ఇంత చెప్పుకొన్న తరువాత మన ఇంటి సంగతి ఒకటి మిగిలిపోయినది. మసీదులకు, దర్గాలకు, ఈద్‌గాలకు పూర్వులు వదలిపోయిన భూములు ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలోనూ ఉన్నవి. వక్ఫ్ ఆస్తిని చూచే ముతవల్లీ కూడా అమీనే, అనగా అప్పగింత పుచ్చుకొన్నవాడే. అతడు ఏటా జమాఖర్చులు వక్ఫ్ బోర్డుకు సమర్పించవలెననీ, వాటిని తనిఖీ చేయించవలెననీ 1995 నాటి వక్ఫ్ చట్టం విధించినది. మన మసీదు భూమి కౌలు ఎంత, ఎవరికి, ఎన్నాళ్ళకు అని అడిగితే తప్పుపట్టే పెద్దలు మనలో ఉన్నారు. అడగడం అగౌరవమట. సఅద్ బిన్ అబీ వక్కాస్ (రజి) గారిని అడిగినారు.

వక్ఫ్ బోర్డు చట్టం ద్వారా ఏర్పడిన సంస్థ గనుక సమాచార హక్కు దానికీ వర్తిస్తుంది. ఉదయగిరి నమాజీ ఒకడు తన మసీదు వక్ఫ్ లెక్కలు కావాలని దరఖాస్తు పెట్టుకొనదలిస్తే తెల్లకాగితంపై తెలుగులోనే వ్రాయవచ్చును. ముప్పై దినాలలో జవాబు రావలెను. 2005లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించిన రుసుము గ్రామస్థాయి కార్యాలయంలో ఏమీ లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది రూపాయలు.